క్రీము కుదిరిన ఆదివారం

మార్చి 4

అమ్మాయికి,

ఈ ఉత్తరం మొదలుపెట్టడానికి చాలా కాగితాలు పాడుచేశాను. ప్రెస్సులో పనిచేసేవాడికి కాగితాలకి కొదవ లేదు కాబట్టి సరిపోయింది. నిన్ను ఏమని పిలవాలన్న దగ్గరే ఆగిపోయాను. కోర్టువాళ్ళు ఇచ్చిన కాగితం ప్రకారం నువ్వు మావాడికి భార్యవి కావు. అందుచేత నాకు కోడలివీ కావు. కానీ ఆ కాగితంలో మామగారి గురించి విడిగా ఏమీ రాయలేదు, వెతికి చూశాను. కాబట్టి పాత పిలుపే వాడుతున్నాను. ఇష్టం లేకపోతే చెప్పు, మార్చుకుంటాను.

నీ అడ్రసు మీ పిన్నిగారు ఇచ్చారు. ఆవిడని కోప్పడకు. నేనే వదల్లేదు.

విషయం ఏమిటంటే, నువ్వు క్యారెట్ కేకు మీద ఒక తెల్ల క్రీము రాసేదానివి. తీపిలో పులుపు తగిలేది. కత్తితో రాస్తే రాసిన గీత అలాగే నిలిచేది. అది ఎలా చేస్తారో నాకు కావాలి. మొన్న నా తెలివితో వెన్నలో చక్కెర కలిపి చూశాను. కంటికి రాసుకునే మందులా వచ్చింది. రుచి కూడా ఇంచుమించు అదే.

ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటావేమో. ఈ కొలతలవీ ఫోన్లో నాకు గుర్తుండవు. కాగితం మీద ఉంటే పొయ్యి పక్కన గోడకి అంటించుకుంటాను.

ఇక్కడి సంగతులు పెద్దగా ఏం లేవు. నువ్వు వెళ్ళిన కొద్ది రోజులకే మావాడు ఆఫీసు దగ్గర వేరే గది తీసుకున్నాడు. ఆదివారాలు వస్తాడు, ఒక్కోసారి రాడు. ఈ రెండు గదుల వాటాలో ఇప్పుడు నేనొక్కణ్ణే. మీ గది తలుపు తీసే ఉంచుతాను, గాలి ఆడాలని. ఒక్కడికి వండుకోవడంలో చిక్కేమిటంటే, ఎంత కొంచెం వండినా మిగిలిపోతుంది. మిగిలింది మర్నాడు తింటే ఆ రోజు వండింది మిగులుతుంది.

క్రీము ఎందుకని అడక్కు. అవసరం పడింది.

సంతకం దగ్గర మళ్ళీ తటపటాయించి, చివరికి ఇలా రాస్తున్నాను,

మీ మామయ్య

*

మార్చి 11

మామయ్యగారికి నమస్కారం.

మీ ఉత్తరం షాపు అడ్రసుకి రావడంతో అందరూ చూశారు. ఇక్కడ నాకు ఉత్తరాలు రావు. యజమాని కవరు చేతికిస్తూ, "కొత్తమ్మాయ్, నీకే" అన్నాడు. చేరి ఇంతకాలమైనా నేను వాళ్ళకి కొత్తమ్మాయినే. పిలుపు మార్చుకోవాలని నేనూ అడగలేదు. మీరూ మార్చుకోనక్కర్లేదు.

ఈ కేకుల షాపులో నా పని వెనక గదిలో. ముందు గదిలో ఎవరెవరు వచ్చారో నాకు కనిపించదు, చీటీ మాత్రం లోపలికి వస్తుంది. ఎవరి పుట్టినరోజో, ఎవరి పెళ్ళిరోజో, వాళ్ళ పేర్లు కేకుల మీద రాసి పంపుతాను. ఒక్క ముఖం కూడా తెలీదు. సాయంత్రం గదికి పోతే, కింద బట్టల ఇస్త్రీ షాపు. ఆవిరి వాసన నేలలోంచి పైకి వస్తూ ఉంటుంది. మొదట్లో తలనొప్పిగా ఉండేది. ఇప్పుడు ఆ షాపు మూసిన రోజున ఏదో వెలితిగా ఉంటోంది.

ఇక మీరు అడిగింది. దాన్ని ఇక్కడ ఫ్రాస్టింగ్ అంటారు. దానికి క్రీమ్ చీజ్ కావాలి. మన వీధిలో దొరకదు కాబట్టి నేను ఇంట్లోనే చేసేదాన్ని, మీరూ అలాగే చేయండి.

చిక్కటి పాలు కాచండి. పొంగబోతుండగా మంట తగ్గించి, నిమ్మరసం ఒక్కో చెంచా వేస్తూ కలపండి. పాలు విరిగి, నీరు పచ్చగా తేరుకోగానే ఆపేయాలి. పల్చటి నూలుగుడ్డలో వడకట్టి, పులుపు మరీ ఎక్కువ కాకుండా పైనుంచి చల్లటి నీళ్ళు పోసి, మూటకట్టి కుళాయికి వేలాడదీయండి. నీరంతా దిగాక, చిటికెడు ఉప్పు, కాస్త మీగడ వేసి మిక్సీలో నున్నగా తిప్పి ఫ్రిజ్‌లో పెట్టండి. అదే క్రీమ్ చీజ్.

మర్నాడు ఫ్రాస్టింగ్. ఉప్పు లేని వెన్న బయట పెట్టండి. వేలితో నొక్కితే గుంట పడాలి, కరిగి నూనె కాకూడదు. వెన్న ఒక వంతైతే చీజ్ రెండు వంతులు, జల్లించిన చక్కెర పొడి రెండు వంతులు. ముందు వెన్నని ఒక్కదాన్నే తెల్లబడేదాకా గిలక్కొట్టి, పొడి కలపండి. చీజ్ చివర్లో, చల్లగా ఉన్నప్పుడే, కొంచెం కొంచెంగా వేయండి. నాలుగు చుక్కల వెనిల్లా. కలిసిందనిపించగానే ఆపేయండి. చాలామంది చెడగొట్టేది అక్కడే, ఇంకా బాగా రావాలని ఇంకా కలుపుతారు. కేకు పూర్తిగా చల్లారాకే రాయండి.

ఎందుకని అడగొద్దన్నారు కాబట్టి అడగను. నేను ఉత్తరం రాసినట్టు మీ అబ్బాయికి చెప్పకండి.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ అమ్మాయి

*

మార్చి 20

అమ్మాయికి,

నువ్వు రాసిన ఉత్తరం గోడకి అంటించాను. చేసిన క్రీము మాత్రం నేలకి అంటుకుంది.

జరిగింది జరిగినట్టు చెప్తాను. పాలు విరగడం, మూట కట్టడం బాగానే జరిగాయి. చీజ్ చూసి నేనే మురిసిపోయాను. రెండో రోజు చేత్తో ఎందుకు అవస్థ అని వెన్న, పొడి, చీజ్ అన్నీ కలిపి మిక్సీలో వేశాను. వేసి, కేకు పెట్టడానికి పళ్ళెం కడుక్కుంటున్నాను. మిక్సీ ఇంకా తిరుగుతోందన్న సంగతి వెనక్కి తిరిగి చూస్తే గాని తెలీలేదు. మూత తీస్తే మజ్జిగలా ఉంది. చక్కెర పోస్తే గట్టిపడుతుందేమోనని ఇంకా పోశాను, ఇంకా పల్చబడింది. అయినా కేకు మీద వేశాను. పైనుంచి పళ్ళెంలోకి, పళ్ళెంలోంచి బల్లమీదకి, బల్ల అంచునుంచి నా కాలి మీదకి వచ్చింది. కేకు వేడిగా ఉన్న మాట కూడా ఒప్పుకుంటున్నాను.

పోయిన చక్కెర గురించి కాదు నా దిగులు. వచ్చే ఆదివారం మనింటికి కొంతమంది వస్తున్నారు. మొదటిసారి వస్తున్నారు, కాబట్టి పరువు నిలబడాలి. గోడలకి సున్నం వేయించాను. మావాడు కుర్చీలు అద్దెకి తెచ్చిపెట్టాడు. వాళ్ళలో ఒక పెద్దావిడ ఉంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఎదుటివాళ్ళ ముఖంలోకి సూటిగా చూస్తూ కూర్చుంటుంది. ఆవిడ ముందు నాకు చెమటలు పడతాయి. తీపి ఎక్కువైతే ఆవిడకి పడదట. మిగతావాళ్ళ సంగతి ఎలా ఉన్నా, ఆవిడ మెచ్చుకుంటే నేను గట్టెక్కినట్టే.

ఏం చేయాలో త్వరగా రాయి. నీ ఇస్త్రీ ఆవిరి సంగతి చదివాను. కిటికీ లేదా ఆ గదికి?

మామయ్య

*

మార్చి 26

మామయ్యగారికి,

ఈ ఉత్తరం శనివారంలోగా అందుతుందనుకుంటాను.

మిక్సీ వద్దు. చీజ్ ఎక్కువసేపు తిరిగితే లోపల పట్టి ఉంచిన నీరంతా వదిలేస్తుంది. చక్కెర పోస్తే ఆ నీటిలో కరిగి ఇంకా జారుతుంది. ఒకసారి విరిగాక దాన్ని గట్టిపరచడం ఎవరివల్లా కాదు. పారబోయకండి, గిన్నెలో పోసి పెడితే కేకు ముంచుకుని తినొచ్చు. కొత్తది చేయండి. మూట మీద ఏదైనా బరువు పెట్టి ఇంకా ఎక్కువసేపు నీరు దిగనివ్వండి. చీజ్ కలిపేటప్పుడు చెక్క గరిటెతోనే, అడుగునుంచి పైకి మడుస్తూ కలపండి. రాసేముందు గిన్నె కాసేపు ఫ్రిజ్‌లో ఉంచండి.

ఆవిడకి తీపి పడకపోతే చక్కెర పొడి కాస్త తగ్గించి, నిమ్మతొక్క సన్నగా కోరి వేయండి. తెల్లభాగం రాకూడదు, చేదొస్తుంది.

గోడలకి సున్నం వేయించారంటే చాలా సంతోషం. నేను ఉన్నన్నాళ్ళూ వేయించాలని అనుకుంటూనే ఉన్నాం.

గదికి కిటికీ ఉంది. తెరిస్తే పక్కింటి గోడ.

నాకు తెలిసిందంతా రాశాను. ఇంతకంటే చెప్పాల్సింది ఏమీ లేదు.

నమస్కారాలతో

*

ఏప్రిల్ 3

అమ్మాయికి,

కుదిరింది.

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. ఆదివారం సాయంత్రం అందరూ వచ్చారు. ఆ పెద్దావిడ రెండు ముక్కలు తిని, మూడోది చేతి రుమాల్లో చుట్టుకుని పట్టుకెళ్ళింది. వెళ్ళేముందు నా భుజం తట్టింది. ఇకనుంచి నెలనెలా మనింట్లోనే కలుద్దామని అందరూ ఒక మాట అనుకున్నారు. ఇంట్లో అంతమందిని చూసి ఎన్నాళ్ళయిందో. వాళ్ళు వెళ్ళిపోయాక కుర్చీలు తిరిగి పంపించబుద్ధి కాక రెండు రోజులు అలాగే ఉంచేశాను. అద్దె ఎక్కువైంది, పోనీలే.

ఇదంతా నీవల్లే. నువ్వు ఈసారి ఉత్తరం చాలా పొట్టిగా రాశావు. సంతకం కూడా చేయలేదు. పని ఎక్కువై ఉంటుంది. నా నసతో విసిగించానేమో కూడా. ఇక వంటల సంగతి అడగను. కానీ ఉత్తరం రాస్తూ ఉండు.

మామయ్య

*

ఏప్రిల్ 10

మామయ్యగారికి,

సంబంధం కుదిరినందుకు సంతోషం. మీ అబ్బాయికి ఇంకో పెళ్ళి చేయడంలో తప్పేం లేదు. నాకు అడిగే హక్కు లేదు, అడగను కూడా. కానీ ఆ పెళ్ళివారి నోరు తీపి చేయడానికి నా చేతే చెప్పించుకోవాలా? వాళ్ళు రేపు ఆ పిల్లని మా గదిలోకే పంపిస్తారు కదా. గాలి ఆడాలని తలుపు తీసి ఉంచానన్నారు. నాకోసమేనేమోనని ఒక పూట వెర్రిగా అనుకున్నాను.

రాయకూడదనుకున్నవి కూడా రాసేస్తాను, తర్వాత మీరు ఉత్తరాలు మానేసినా సరే.

మీ గదికీ మా గదికీ మధ్య ఉన్నది గోడ కాదు, అట్టముక్క. మీరు పేపరు తిప్పితే నాకు వినిపించేది. మీ అబ్బాయి నన్ను అన్న మాటలు వీధిలోకి వినిపించేవి. నేను ఆ గోడకే వీపు ఆనించి కూర్చుని, ఏవేవో చెప్పుకుంటూ ఏడ్చేదాన్ని. కావాలనే కూర్చునేదాన్ని, మీకు వినపడాలని. ఒక్కరోజు తలుపు దగ్గరికి వచ్చి "ఏమైందమ్మా" అని అడిగితే ఆగిపోయేదాన్నేమో. మీరు రాలేదు. పొద్దున్నే లేచి, ఏమీ జరగనట్టు, "టీ బాగుందమ్మా" అనేవారు. ఆయన మాటలు మర్చిపోతున్నాను. మీ "టీ బాగుందమ్మా" మర్చిపోలేకపోతున్నాను.

వెళ్ళిపోయిన కొత్తలో ఒకసారి మీకు ఫోన్ చేశాను. ఇక్కడ మాట్లాడటానికి ఒక్క మనిషి లేక చేశాను. మీరు ఎత్తి, "ఎవరు, ఎవరు" అని పెట్టేశారు. నేను "మామయ్యా, నేనే" అని అరిచాను. అయినా పెట్టేశారు. గుర్తుపట్టి పెట్టేశారనే అనుకున్నాను. మొన్న మీ ఉత్తరం వచ్చినప్పుడు అదంతా మింగేసి జవాబు రాశాను. ఇప్పుడు మింగడం నావల్ల కావడం లేదు.

*

ఏప్రిల్ 15

అమ్మాయికి,

సంబంధం ఏమిటి, ఎవరికి? నీ ఉత్తరం మొదట చదివినప్పుడు ఇంకెవరికో రాసింది నా కవర్లో పెట్టావనుకున్నాను. తర్వాత నేను రాసినవన్నీ గుర్తు చేసుకున్నాను. సున్నం, కుర్చీలు, పెద్దావిడ, కుదిరింది. నేనే అయినా అలాగే అనుకునేవాణ్ణి. మావాడికి ఏ సంబంధమూ చూడలేదు. కుదిరింది క్రీము.

ఆదివారం వచ్చినవాళ్ళు నాలాంటివాళ్ళు. నాకు చెవులు పోయాయమ్మా.

ఎప్పటినుంచో సరిగ్గా చెప్పలేను. ప్రెస్సులో పెద్ద మెషిన్ పక్కన నిలబడి పనిచేసినవాడికి చెవులు ఒక్కరోజులో పోవు. అక్కడ ఎవరిమాటా ఎవరికీ వినపడదు, అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం. అందుకే నాకు వినపడటం లేదని వాళ్ళకి తెలీలేదు, చాలాకాలం నాకూ తెలీలేదు. ఇంట్లో మీరిద్దరూ ఎదురుగా నిలబడి మాట్లాడితే ముఖాలు చూసి ఏదో ఊహించి తలూపేవాణ్ణి. "టీ బాగుందమ్మా" అనేవాణ్ణి, ఎందుకంటే అది అంటే నువ్వు తిరిగి ప్రశ్న వేయవు. చెప్పుకోవడానికి సిగ్గేసింది. చెవిటివాడంటే జనానికి నవ్వు. గుడ్డివాడికి దారి ఇస్తారు, చెవిటివాడి మీద జోకులేస్తారు.

డాక్టరుకి చూపించుకుని మిషను ఒకటి చెవిలో పెట్టించుకున్నాను. పళ్ళేల చప్పుడు పెద్దదైంది తప్ప మాట మాటగా వినపడలేదు, తీసేశాను. ఆ డాక్టరే ఈ క్లాసు సంగతి చెప్పాడు. పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్పుతారు. ఆ పెద్దావిడే మాకు టీచరు. గొంతు రానివ్వకుండా మాట్లాడుతుంది, మేం చెప్పాలి. మాకు అందిందో లేదోనని అందరి ముఖాల్లోకి అలా చూస్తుంది. క్లాసు జరిగే హాలుకి రిపేర్లు పెట్టారు, తలో ఆదివారం తలో ఇంట్లో అనుకున్నారు. నా వంతు వచ్చింది. బిస్కెట్లు పెట్టినా సరిపోయేది. నీకు ఉత్తరం రాయడానికి ఏదో ఒకటి కావాలి కదా.

ఫోన్ సంగతి నాకు గుర్తే లేదు. ఎవరు ఎప్పుడు చేసినా అలాగే పెట్టేస్తాను. నువ్వు అరిచావని రాశావు. నాకు అందులో గాలి వీచినట్టు వినిపించి ఉంటుంది.

నేను పేపరు తిప్పితే నీకు వినిపించేదన్నావు. పేపరుకి చప్పుడు ఉంటుందన్న సంగతే నేను మర్చిపోయాను. గోడ అవతల నువ్వు అలా కూర్చున్నప్పుడు నేను ఇవతల మంచం మీద పేపరు చదువుకుంటూ, మా ఇల్లు ఎంత నెమ్మదైన ఇల్లో అనుకునేవాణ్ణి. ప్రెస్సులో ఆ మాట నలుగురికీ చెప్పాను కూడా. నువ్వు వెళ్ళిపోయిన రోజు, ఇంత నెమ్మదైన ఇంట్లోంచి పిల్ల ఎందుకు వెళ్ళిందో అర్థంకాక మావాణ్ణి అడిగాను. వాడు ఏదో చెప్పాడు. ముఖం అటు తిప్పుకుని చెప్పాడు.

ఆ గోడ దగ్గర కూర్చుని నువ్వు ఏమన్నావో నాకు తెలుసుకోవాలనుంది. నీకు చెప్పాలని ఉంటేనే.

మామయ్య

*

ఏప్రిల్ 21

మామయ్యా,

మీ ఉత్తరం కేకులు పెట్టే చల్లగదిలో నిలబడి చదివాను. బయటికి రమ్మని యజమాని కేకేసేదాకా అక్కడే ఉండిపోయాను. నా చేతులు కొంకర్లుపోయాయి. ఆ సాయంత్రం ఎవరి పేరో తప్పు రాసి మాట పడ్డాను.

ఇన్నాళ్ళూ మీ మీద కోపం పెట్టుకుని బతికాను. ఈ ఊళ్ళో నాతో ఉన్నది అదొక్కటే. ఇప్పుడు అది కూడా లేకపోయేసరికి గది ఇంకా ఖాళీగా ఉంది. ఇది మిమ్మల్ని నొప్పించడానికి రాయడం లేదు.

గోడ దగ్గర నేను అన్నవి ఉత్తరంలో రాసే మాటలు కావు. బుధవారం మా షాపుకి సెలవు. ఈ వచ్చే బుధవారం పొద్దున బస్సుకి బయల్దేరి వస్తాను, సాయంత్రం బస్సుకి తిరిగి వెళ్ళిపోతాను. మీ అబ్బాయి ఆ రోజు ఇంట్లో ఉండకూడదు. కిటికీ పక్కన రెండు కుర్చీలు వేయండి. వెలుతురు నా ముఖం మీద పడాలి, మీ ముఖం మీద కాదు. మా షాపులో ఒకావిడ తమ్ముడికి చెవుడు, ఆవిణ్ణి అడిగి తెలుసుకున్నాను.

గోడ ఇవతల అన్నవన్నీ మీ ఎదురుగా కూర్చుని అంటాను. మెల్లగా అంటాను. అర్థం కాకపోతే తలూపొద్దు. మళ్ళీ అడగండి.

మీ అమ్మాయి

*

మే 4

అమ్మాయికి,

క్షేమంగా చేరావని మీ పిన్నిగారు కబురు పంపారు.

నువ్వు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నాకు అందింది ఎంత అని అడిగితే, పావు వంతు అని చెప్తాను. నువ్వు తలూపొద్దన్నావు కాబట్టి ఊపలేదు. కొన్ని మాటలు పదేపదే అడిగాను. మావాడు నిన్ను అన్న మాట ఒకటి నీ పెదవుల మీద చదివి, తప్పు చదివాననుకుని మళ్ళీ అడిగాను. నువ్వు మళ్ళీ అన్నావు. అదే మాట. అంతమాట నీచేత రెండుసార్లు అనిపించాను.

ఏడుపు వచ్చినప్పుడు నువ్వు చేత్తో నోరు మూసుకున్నావు. అప్పుడు అన్నవి నాకు పోయాయి. అవి మాత్రం అడగలేదు. అడగబుద్ధి కాలేదు.

ఆదివారం మావాడు వచ్చాడు. నాకు చెవులు పనిచేయవని చెప్పాను. వాడు నమ్మలేదు. ఎదురుగా కూర్చోబెట్టి, ఇక్కడ జరిగినవన్నీ నాకిప్పుడు తెలుసునని చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడాడు. నేను చూడలేదు. కళ్ళు మూసుకుంటే వాడి మాట ఆగిపోతుంది, అదొక్కటే ఈ చెవుడులో ఉన్న సుఖం. కళ్ళు తెరిచేసరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలీదు.

నీకు రాయాల్సింది ఇంకొకటి ఉంది. మాకు క్లాసులో ముందుగా చెప్పే కష్టం ఏమిటంటే, ప, బ, మ మూడూ పెదవుల మీద ఒకేలా ఉంటాయి. పాట అన్నా, బాట అన్నా, మాట అన్నా మాకు తేడా తెలీదు. బస్సు కదిలాక నువ్వు కిటికీ అద్దం వెనకనుంచి ఏదో అన్నావు. అద్దం మీద ఎండ పడుతోంది. రెండే మాటలు. రెండోది "వస్తాను", అందులో నాకు అనుమానం లేదు. మొదటిది పెదవులు మూసి మొదలుపెట్టావు. అది పల్లీ కావచ్చు, బల్లి కావచ్చు, మళ్ళీ కావచ్చు. మొన్న టీచరుగారిని అడిగాను. పక్కనున్న మాటని బట్టి పోల్చుకోమంది. "పల్లీ వస్తాను" అని ఎవరూ అనరు. "బల్లి వస్తాను" అని అసలే అనరు.

నేను పొరబడి ఉంటే ఉత్తరం రాయి. పొరబడకపోతే రాయక్కర్లేదు, వచ్చెయ్యి.

మామయ్య